గడప లోపల ఫ్లైక్, గడప బయట బెంజీ

చిన్న కుక్కల మీద వచ్చిన సినిమాల్లో నన్ను వదలనివి రెండు. ఒకటి 1952లో ఇటలీలో విట్టోరియో డి సికా తీసిన 'ఉంబెర్తో డి'. రెండోది 1974లో అమెరికాలో జో క్యాంప్ తీసిన 'బెంజీ'. మొదటిదాన్ని ఫిల్మ్ సొసైటీల వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. రెండోదాన్ని పిల్లల సినిమా అని పక్కన పెట్టారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని మామూలుగా ఎవరికీ తోచదు. నాకు మాత్రం రెండూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. జాతి పేరు లేదు, అమ్మితే ధర రాదు, కాపలాకు పనికొచ్చేంత ఒడ్డూ పొడుగూ లేదు. అలాంటి కుక్కకు మనిషి తన ఇంట్లో చోటెందుకు ఇవ్వాలి?

ఇది సినిమా ప్రశ్న మాత్రమే కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్ళి, బోనుల మధ్య నిలబడి, ఏ కుక్కను ఇంటికి తీసుకెళ్దామా అని చూసే ప్రతి కుటుంబమూ మనసులో వేసుకునే ప్రశ్న ఇదే. రెండు సినిమాలూ దీనికి చెప్పిన జవాబులు ఒకదానికొకటి పొసగవు. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. బెంజీ అంటే నాకు ప్రాణం. కానీ కుక్కను ఇంటికి తెచ్చుకోవడం గురించి నిజం చెప్పింది 'ఉంబెర్తో డి'లోని కుక్క ఫ్లైక్ కథే.

బెంజీ కథ టెక్సస్ రాష్ట్రంలోని మెకిన్నీ అనే ఊళ్ళో తీశారు. ఊళ్ళో ఒక పాడుబడ్డ పెద్ద ఇల్లు. అందులో బెంజీ ఒంటరిగా ఉంటుంది. పొద్దున్నే లేచి, పూర్వం పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకున్నట్టు, తనకు తెలిసిన గుమ్మాలన్నీ వరసగా చుట్టి వస్తుంది. డాక్టర్ చాప్‌మన్ గారింట్లో పాల్, సిండీ అనే ఇద్దరు పిల్లలు, వంటింట్లో మేరీ. పిల్లల తండ్రికి తెలియకుండా అక్కడ కాస్త తిండి దొరుకుతుంది. దారిలో ఒకావిడ పిల్లిని తరమాలి. హోటల్ నడిపే బిల్ అనే ముసలాయన్ని పలకరించాలి. పోలీసాయనా ఎరుగున్నవాడే. ఊరందరికీ బెంజీ అంటే ఇష్టం. అయినా రాత్రికి అది వెళ్ళి పడుకునేది ఆ పాడుబడ్డ ఇంట్లోనే.

సినిమాలో నాకు అన్నిటికన్నా నిజమనిపించే భాగం ఇదే. తలా కాస్త ప్రేమ పంచుతారు, పూచీ మాత్రం ఎవరూ తీసుకోరు. మన వీధుల్లోనూ ఇదే కదా జరిగేది! టీకొట్టు దగ్గర ఒకరు బిస్కెట్ వేస్తారు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య మిగిలిన అన్నం పెడుతుంది, స్కూలుకెళ్ళే పిల్లలు దానికో పేరు పెడతారు. దానికి జబ్బు చేసిన రోజున ఆటో ఎక్కించి పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం కనిపించరు. దానికి టీకా వేయించడం, సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించడం తన పని అని ఎవరూ అనుకోరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు ఆ పనులు స్థానిక సంస్థల మీద పెట్టాయి. ఆ పని సరిగ్గా జరగని చోట మనుషులకూ కుక్కలకూ ఇద్దరికీ ముప్పే. అదే ఏడు ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ళ పసివాడు చనిపోయిన సంగతి మరిచిపోయి, వీధిలో కుక్క అంటే కేవలం ముద్దొచ్చే ప్రాణి అని రాయడం నావల్ల కాదు. బెంజీ ఊళ్ళో ఆ భయం లేదు. అక్కడి వీధి శుభ్రంగా, ఎండగా, హాయిగా ఉంటుంది. వీధిలో బతకడం కుక్కకు కష్టమన్న సంగతి ఆ సినిమా చూస్తే తెలియదు.

తర్వాతి కథ తెలిసిందే. పిల్లలిద్దరినీ దుండగులు ఎత్తుకెళ్ళి బెంజీ ఉండే ఆ పాడుబడ్డ ఇంట్లోనే దాస్తారు. బెంజీ ఊళ్ళోకి పరిగెత్తి పెద్దవాళ్ళకు చెప్పాలని చూస్తుంది. ఎవరికీ అర్థం కాదు. ఎన్నో తిప్పలు పడి చివరికి వాళ్ళను అక్కడికి నడిపిస్తుంది, పిల్లలు బయటపడతారు. అంతవరకూ వీధి కుక్క ఇంట్లోకి రావడానికి వీల్లేదన్న తండ్రి అప్పుడు తలుపు తీస్తాడు.

ఇక్కడే నాకు ఈ సినిమాతో పేచీ. ఆ ఇద్దరు పిల్లల్ని ఎవరూ ఎత్తుకెళ్ళకపోయి ఉంటే? బెంజీ అదే బెంజీ. అవే కళ్ళు, అదే మంచితనం. అయినా ఆ ఇంట్లో దానికి చోటుండేది కాదు. కుక్క ముందు ఘనకార్యం చేయాలి, ఆ తర్వాతే కంచం. చూసే పిల్లల మనసులో ఈ లెక్క చడీచప్పుడు లేకుండా నాటుకుంటుంది. పెద్దయ్యాక వాళ్ళు తెచ్చుకున్న కుక్క ఘనకార్యం మాట అటుంచి, పిలిస్తే రాకపోతే, తివాచీ మీద తడిపితే, వచ్చినవాళ్ళను చూసి మంచం కింద దూరితే నిరుత్సాహపడతారు. తీసుకెళ్ళిన కుక్కను కొన్నాళ్ళకే తిరిగి తెచ్చి అప్పగించేవాళ్ళు సంరక్షణ కేంద్రాలకు కొత్త కాదు. వాళ్ళు దుర్మార్గులు కారు. వాళ్ళకు అందిన కథలో గడప దాటిన తర్వాతి భాగం లేదు, అంతే.

విచిత్రమేమిటంటే, ఈ సినిమా వెనక ఉన్న అసలు కథ తెరమీది కథకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. బెంజీగా నటించిన కుక్క పేరు హిగ్గిన్స్. 1960లో కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్ జంతు సంరక్షణ కేంద్రంలో ఫ్రాంక్ ఇన్ అనే శిక్షకుడు దాన్ని చూసి ఇంటికి తెచ్చుకున్నాడు. పూడుల్, కాకర్ స్పానియల్, ష్నాజర్ కలిసిన కుక్క అయి ఉంటుందని ఆయన ఊహ. 'పెట్టీకోట్ జంక్షన్' అనే టీవీ ధారావాహికలో అది ఏళ్ళ తరబడి నటించింది. 'బెంజీ' తీసేనాటికి దానికి దాదాపు పద్నాలుగేళ్ళు. విశ్రాంతి తీసుకుంటున్న ముసలి కుక్కను మళ్ళీ కెమెరా ముందుకు తెచ్చారు. సినిమా వచ్చిన మరుసటి ఏడే అది చనిపోయింది. సినిమాను పంపిణీ చేయడానికి పెద్ద స్టూడియోలేవీ ముందుకు రాకపోతే క్యాంప్ తనే సంస్థ పెట్టి విడుదల చేసుకున్నాడు. దాన్ని జనం ఎగబడి చూశారు.

బోనులో ఉన్న రోజున హిగ్గిన్స్ ఏ పిల్లల్నీ కాపాడలేదు. ఏ ఘనకార్యమూ చేయకముందే దానికి ఇల్లు దొరికింది. ఆ తర్వాతే దాని తెలివి లోకానికి తెలిసింది. తెరమీద క్యాంప్ ఈ వరసను తిరగేశాడు. అంతేకాదు, తన నాయకుడు ఎక్కడి నుంచి వచ్చాడో ఆ చోటును, ఆ బోనులను, సినిమాలో ఒక్కసారీ చూపించలేదు.

డి సికా చూపించాడు. అదీ పిల్లలు చూడలేనంత సూటిగా.

ఉంబెర్తో దొమెనికో ఫెరారీ రోమ్ నగరంలో పింఛను మీద బతికే ముసలాయన. ఆ పింఛను అద్దెకూ తిండికీ చాలదు. ఆయనకు నా అన్నవాళ్ళు లేరు, ఫ్లైక్ తప్ప. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలున్న చిన్న కుక్క అది. ఉంబెర్తో పాత్ర వేసిన కార్లో బత్తీస్తి నటుడు కాడు, భాషాశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. సినిమా మొదట్లోనే ధర్మభోజనశాలలో ఆయన తన పళ్ళెం ఎవరి కంటా పడకుండా బల్ల కింద పెట్టి ఫ్లైక్ చేత తినిపిస్తాడు. అక్కడి ఉద్యోగిని చూస్తే ఒప్పుకోదు. ఆయనకే చాలని భోజనం అది. పంచుకుంటున్నందుకు ఆయన ముఖంలో ఏ త్యాగభావమూ ఉండదు. ఇద్దరికి వచ్చిన తిండి ఇద్దరు తింటున్నారు, అంతే. ఫ్లైక్‌కు ఆయన ఇంట్లో చోటెందుకు దొరికిందో, ఎప్పుడు దొరికిందో సినిమా చెప్పదు. చెప్పాలని డి సికాకు గానీ రచయిత చేజారే జవాట్టీనీకి గానీ అనిపించలేదు. ఆ చోటు ప్రశ్నకు అతీతం.

ఆయన జబ్బుపడి ఆసుపత్రిలో ఉండగా ఫ్లైక్ తప్పిపోతుంది. వెతుక్కుంటూ నగరపాలక సంస్థ వాళ్ళ కుక్కల దొడ్డికి టాక్సీలో వెళతాడు. టాక్సీకి ఇవ్వడానికి చిల్లర లేదు. సంతలో నోటు మార్చమంటే ఎవరూ మార్చరు. చిల్లర కోసం అక్కర్లేని గాజు గ్లాసొకటి కొని, డబ్బు చేతికి రాగానే దాన్ని అక్కడే పారేస్తాడు. రూపాయి రూపాయీ లెక్కపెట్టుకునే మనిషి ఆ పని చేయడం చూస్తే, ఫ్లైక్ ఆయనకు ఎంతో వేరే చెప్పక్కర్లేదు. లోపల ఇంకొకతను తన కుక్క కోసం వచ్చి ఉంటాడు. విడిపించుకోవడానికి కట్టాల్సిన డబ్బు అతని దగ్గర లేదు. తీసుకెళ్ళకపోతే చంపేస్తారు కదా అని అడిగి, ఎటూ తేల్చుకోలేక నిలబడిపోతాడు. అటుపక్క పట్టుకొచ్చిన కుక్కలున్న బోనును చావుగదిలోకి తోస్తుంటారు. ఉంబెర్తో అది చూస్తాడు. మనమూ చూస్తాం. కొంతసేపటికి బండి లోంచి దింపే కుక్కల్లో ఫ్లైక్ కనిపిస్తుంది. ఆయన దాన్ని ఎత్తుకుని గుండెకు అదుముకుంటాడు. ఆ ఆనందం పక్కనే డబ్బు కట్టలేని ఆ ఇంకొకతను ఉన్నాడన్న సంగతి డి సికా మనల్ని మరిచిపోనివ్వడు. ఒక కుక్క బయటపడితే, మిగతావి అక్కడే ఉన్నాయి.

రెండు కుక్కలకూ విద్యలు వచ్చు. ఆ విద్యలను వాడుకున్న తీరులోనే రెండు సినిమాల మనస్తత్వం బయటపడుతుంది. బెంజీ తెలివి దానికి కీర్తి, ఇల్లు తెచ్చిపెడుతుంది. ఫ్లైక్‌కు వెనక కాళ్ళ మీద నిలబడడం వచ్చు. అద్దె బాకీ పడ్డ ఉంబెర్తో పాంథియన్ దగ్గర అడుక్కోబోతాడు. చెయ్యి చాపుతాడు. ఒకతను డబ్బు వేయబోయే క్షణంలో, వాన పడుతోందేమో చూస్తున్నట్టు ఆ చేతిని బోర్లా తిప్పేస్తాడు. తనవల్ల కాదని టోపీని ఫ్లైక్ నోటికిచ్చి నిలబెట్టి, తను స్తంభం చాటుకు పోతాడు. ఇంతలో పాత పరిచయస్తుడొకరు వచ్చి కుక్కను గుర్తుపడతారు. ముసలాయన గబగబా బయటికొచ్చి, కుక్క ఆడుకుంటోందని సర్దిచెబుతాడు. మొత్తం సినిమాలో ఫ్లైక్ చేసే పని ఇదొక్కటే. అది సినిమాలో తలదించుకునే ఘట్టం. కుక్క తిండిని కుక్క చేతే సంపాదింపజేయబోయినందుకు ఆయనకు కలిగిన సిగ్గు నా దృష్టిలో చాలా విలువైనది. బెంజీ లోకంలో ఆ సిగ్గుకు తావే లేదు.

బతకడం ఇక చాలనుకున్నాక ఉంబెర్తోకు మిగిలిన బెంగ ఒక్కటే, ఫ్లైక్‌ను ఎవరికి అప్పగించాలి. డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే దంపతుల ఇంటికి తీసుకెళతాడు. అక్కడ పెద్ద కుక్క మొరుగుతుంటే ఫ్లైక్ ముడుచుకుపోతుంది. ఆ ఇంటినీ, ఆ మనుషుల తీరునూ, అక్కడి కుక్కల స్థితినీ ఆయన పరకాయించి చూసి, తన కుక్కను తీసుకుని బయటపడతాడు. పార్కులో ఒక చిన్నపిల్లకు ఊరికే ఇస్తానంటాడు. పాపకు ఇష్టమే, కూడా వచ్చిన ఆయా ఒప్పుకోదు. చివరికి కుక్కను ఎత్తుకుని రైలు గేటు దాటి పట్టాల దగ్గరికి వెళతాడు. రైలు దగ్గరవుతుంటే ఫ్లైక్ బెదిరి, కుయ్యిమంటూ గింజుకుని చేతుల్లోంచి దూకి పారిపోతుంది. దాని వెనకే ఆయనా పక్కకొస్తాడు. రైలు వెళ్ళిపోతుంది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆయన పిలుస్తాడు. ఫ్లైక్ రాదు. చెట్టు చాటున నిలబడి చూస్తుంది, ఆయన ఒక అడుగు వేస్తే అది రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఆ మనిషి మీద దానికి నమ్మకం పోయింది. ఆయన నేల మీది పైన్ కాయ ఒకటి తీసి ఆడిస్తాడు, బతిమాలతాడు, మళ్ళీ ఆడిస్తాడు. ఎప్పటికో అది వచ్చి కాయ కోసం ఎగురుతుంది.

బెంజీలో కుక్క మనిషి నమ్మకాన్ని సంపాదించుకుంది. ఇక్కడ మనిషి కుక్క నమ్మకాన్ని సంపాదించుకోవాల్సి వచ్చింది. రెండు సినిమాల మధ్య ఇంతకు మించిన తేడా నాకు కనిపించదు. ఎవరో వదిలేసిన కుక్కను ఇంటికి తెచ్చుకున్నవాళ్ళెవరైనా ఈ దృశ్యాన్ని చూడగానే గుర్తుపడతారు. మా ఇంట్లో ఉన్నది పొమేరియన్‌కూ వీధి కుక్కకూ పుట్టిన చిన్న ప్రాణి. పాత యజమానులు ఇల్లు మారుతూ దాన్ని వదిలేసి పోయారు. వచ్చిన కొత్తలో దివాన్ కింద గోడమూలకు చేరి, గదిలో లైటు ఆర్పితే గానీ గిన్నె ముట్టేది కాదు. చీపురు చేతిలోకి తీసుకుంటే చాలు, నేలకు అతుక్కుపోయేది. పిలవకుండా, దాని వంక చూడకుండా, నేల మీద కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండడమే మేం చేయగలిగింది. అది ముందు కాలి వేలు వాసన చూసింది. తర్వాత చాలా రోజులకు పక్కన వచ్చి కూర్చుంది. ఇందులో సాహసం లేదు, సంగీతం లేదు, విడుదల రోజున ఈలలు వేయించే ఘట్టం లేదు. జంతువుల డాక్టర్లూ సంరక్షకులూ పదే పదే చెప్పే మాటా ఇదే: దాని దారిన దాన్ని రానివ్వండి.

అలాగని 'ఉంబెర్తో డి' అన్ని విధాలా పైచేయి అనను. ఒక విషయంలో బెంజీ దాన్ని దాటేసింది. డి సికా కెమెరా చాలావరకు మనిషి ఎత్తులోనే ఉంటుంది. ఫ్లైక్ ఏమనుకుంటోందో ముసలాయన ముఖం చూసి మనం ఊహించుకోవాలి. క్యాంప్ కెమెరాను కుక్క ఎత్తుకు దించాడు. మనుషుల మోకాళ్ళు, తలుపు కింది సందులు, మెట్ల అంచులు, ఆ ఎత్తులో లోకం ఎలా ఉంటుందో చూపించాడు. కుక్క మనసులోని మాటలు చెప్పే వ్యాఖ్యానం పెట్టకుండా, హిగ్గిన్స్ కళ్ళను దగ్గరగా చూపించి దాని ఆలోచన మనకు అందేలా చేశాడు. పిల్లలు ఎక్కడున్నారో దానికి తెలుసు, చెప్పడానికి నోరు లేదు. పెద్దవాళ్ళ కాళ్ళ మధ్య అది పడే ఆ ఆరాటం చూసిన పిల్లవాడు ఇక కుక్క మీద రాయి వేయలేడని నా నమ్మకం. ఉంబెర్తో అద్దెకుండే ఇంటి యజమానురాలి పాత్ర విషయంలో డి సికా కాస్త తొందరపడ్డాడు కూడా. ఆమెలో దయ అన్నది మచ్చుకైనా ఉంచలేదు. అద్దె ఇళ్ళ కష్టం అంత సులువుగా ఒక చెడ్డ మనిషి నెత్తిన రుద్దేయగలిగేది కాదు. ఇటలీ పేదరికాన్ని లోకానికి చూపించి పరువు తీశాడని అప్పటి ప్రభుత్వంలో సినిమా వ్యవహారాలు చూసే జూలియో ఆంద్రేయొత్తి ఈ చిత్రాన్ని పత్రికాముఖంగా తప్పుపట్టాడు. నాకు ఆ ఫిర్యాదు నిలబడేదిగా తోచదు. పేదరికాన్ని చూపించకుండా ఈ కథ చెప్పలేం. కుక్కను వదిలేయడానికి దారితీసేది చాలాసార్లు మనసు లేకపోవడం కాదు, ఇల్లు లేకపోవడం. కుక్కలుంటే ఇల్లు ఇవ్వం అనే మాట మన ఊళ్ళలో అద్దెకు తిరిగిన వాళ్ళందరికీ తెలిసిందే.

మన దగ్గరికి వస్తే, ఇటీవల తెలుగువాళ్ళు కుక్క కోసం థియేటర్లో కన్నీళ్ళు పెట్టుకున్న సినిమా '777 చార్లీ'. కిరణ్‌రాజ్ తీసిన ఈ కన్నడ చిత్రం 2022 జూన్‌లో తెలుగులోనూ వచ్చింది, రానా దగ్గుబాటి సమర్పించారు. ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ అవార్డూ అందుకుంది. ఒంటరివాడైన ధర్మ, కుక్కపిల్లల కోసం కుక్కల్ని హింసించే వ్యాపారి చెర నుంచి తప్పించుకొచ్చిన చార్లీ. ఆ వ్యాపారం క్రూరత్వాన్ని అంత గట్టిగా చెప్పిన మన సినిమా నాకు ఇంకోటి గుర్తురాదు. అందుకు ధర్మగా నటించిన రక్షిత్ శెట్టికీ కిరణ్‌రాజ్‌కూ రుణపడి ఉండాలి. కానీ చార్లీ లాబ్రడార్. థియేటర్ నుంచి బయటికొచ్చిన పిల్లవాడు ఏ కుక్క కావాలని మారాం చేస్తాడు? 2003లో హచ్ మొబైల్ ప్రకటన వచ్చాక పగ్‌కు 'హచ్ కుక్క' అనే పేరే స్థిరపడింది, ఊరూరా ఆ ముడతల ముఖం కోసం ఎగబడ్డారు. ఇక్కడి వేడికి ఆ పొట్టి ముక్కుతో ఊపిరాడక అవి పడే అవస్థ పశువైద్యులకు తెలుసు. తెర మీద ఏ కుక్కను నిలబెడతామన్నది చిన్న విషయం కాదు. క్యాంప్ ఊరూపేరూ లేని కుక్కను నిలబెట్టాడు. ఈ ఒక్క కారణానికే బెంజీకి నా దగ్గర పెద్ద పీట. ఇక చార్లీ కూడా చివరికి ప్రాణమిచ్చి మనిషిని మార్చాల్సి వచ్చింది. బెంజీ సాహసంతో చెల్లించిన అద్దెను చార్లీ చావుతో చెల్లించింది. మన కథల్లో కుక్కలు ఊరికే, ఉన్నందుకే ప్రేమకు నోచుకోవడం ఇంకా మొదలవలేదు.

బెంజీ తర్వాతి సినిమాలు చూస్తే నా అనుమానం ఇంకా బలపడుతుంది. 1977లో 'ఫర్ ద లవ్ ఆఫ్ బెంజీ' వచ్చింది. అదే కుటుంబం, కుక్క మాత్రం హిగ్గిన్స్ కూతురు బెంజీన్. ఇల్లు దొరికిన బెంజీ గ్రీసులో మళ్ళీ తప్పిపోతుంది. 1987లో 'బెంజీ ద హంటెడ్'లో అడవిలో తప్పిపోతుంది. ఇంట్లో ఉన్న కుక్కతో ఏం కథ చెప్పాలో క్యాంప్‌కు తోచలేదు. తిండి పెట్టడం, బయటికి తిప్పడం, జబ్బు చేస్తే కాచుకోవడం, అద్దె ఇంట్లో యజమానికి నచ్చజెప్పడం, ముసలితనంలో ఎత్తుకుని మెట్లు దించడం, ఇవి ఆయన దృష్టిలో కథలు కావు. డి సికాకు అవే కథ.

ఇంట్లో పిల్లలుంటే ముందు 'బెంజీ' చూపించండి. తప్పకుండా చూపించండి. చూశాక, ఆ పిల్లల్ని ఎవరూ ఎత్తుకెళ్ళకపోతే వాళ్ళ నాన్న ఏం చేసి ఉండాల్సిందని వాళ్ళనే అడగండి. కుక్కను తెచ్చుకుందామన్న మాట గట్టిపడ్డాక, పిల్లలు పడుకున్న రాత్రి పెద్దవాళ్ళు 'ఉంబెర్తో డి' చూడాలి. దొడ్డి ఘట్టం ఎటూ కళ్ళు తిప్పుకోనివ్వదు. కానీ నేను చెప్పేది దంపతుల ఇంట్లో ఆయన ఫ్లైక్‌ను అప్పగించబోయే ఘట్టం గురించి. అక్కడ ఆ ముసలాయన నోటితో అడిగినవీ, కళ్ళతో పరిశీలించినవీ ఒక కాగితం మీద రాసుకోండి. మర్నాడు సంరక్షణ కేంద్రానికి వెళితే అక్కడివాళ్ళు మిమ్మల్ని ఇంచుమించు అవే అడుగుతారు.